ఎడారి ఇంట్లో సముద్రపు గుర్రం

దోహాలోని సూక్ వాఖిఫ్ బజారులో పక్షులను, పెంపుడు జంతువులను అమ్మే భాగం ఒకటుంది. సెలవు రోజు సాయంత్రం పిల్లలను వెంటబెట్టుకొని ఆ వైపు వెళ్ళిన తల్లిదండ్రులు వట్టి చేతులతో తిరిగి రావడం కష్టమే. చిలుకల జత కాకపోతే చేపల తొట్టె అయినా ఇంటికి చేరుతుంది. బంగారు చేపలతో మొదలయ్యే ఈ సరదా ఏడాదో రెండేళ్ళో గడిచేసరికి ఉప్పునీటి చేపల మీదికి మళ్ళుతుంది. ఉప్పునీటి చేపలలో చూపరుల మనసును ఇట్టే దోచుకునేది, తెలియక పెంచిన వారి చేతిలో అంత త్వరగానూ చనిపోయేది సముద్రపు గుర్రం.

ఈ కథ ఏ ఒక్క ఇంటిదీ కాదు; చాలా ఇళ్ళలో ఇంచుమించు ఇలాగే నడుస్తుంది. గురువారం సాయంత్రం తొట్టె కొంటారు. ఆ రాత్రే కుళాయి నీరు నింపి, దుకాణదారు ఇచ్చిన ఉప్పు కలుపుతారు. శుక్రవారం ఒక జత సముద్రపు గుర్రాలు ఇల్లు చేరుతాయి. చల్లిన పొడిమేతను అవి ముట్టుకోవు. కొత్త చోటు కదా, మెల్లగా అలవాటు పడతాయిలే అనుకుంటారు. మూడవ రోజున తల్లి జాలిపడి మరో చెంచాడు మేత వేస్తుంది. పదవ రోజుకు ఒకటి అడుగున పడి ఉంటుంది. రెండవది ఇంకొక వారం ఉంటుంది. "నీళ్ళు అద్దంలా ఉన్నాయి కదా నాన్నా, మరెందుకు చచ్చిపోయింది?" అని పిల్లవాడు అడుగుతాడు. తండ్రి ఇంజనీరే అయినా సమాధానం తోచదు. దానికి కొంత జీవశాస్త్రం, అంతకంటె ఎక్కువ రసాయనశాస్త్రం కావాలి.

కడుపు లేని చేప

పేరులో గుర్రం ఉన్నా ఇది చేపే. మొప్పలతోనే శ్వాసిస్తుంది. (తెలుగులో 'నీటి గుర్రం' అంటే హిప్పోపొటమస్ అనే అర్థం స్థిరపడింది కనుక ఈ వ్యాసంలో దీనిని సముద్రపు గుర్రం అని వ్యవహరించడం జరిగింది.) శాస్త్రనామం హిప్పోకాంపస్. ఈ ప్రజాతిలో నలభైకి పైగా జాతులున్నాయి. మన మెదడులో జ్ఞాపకశక్తికి ఆధారమైన ఒక భాగానికి కూడ, ఆకారంలో దీనిని పోలి ఉండటంచేత, శరీర నిర్మాణ శాస్త్రజ్ఞులు ఇదే పేరు పెట్టారు.

సాధారణమైన చేపకు ఉండే పొలుసులు దీనికి లేవు. వాటికి బదులు ఉంగరాలుగా పేర్చిన ఎముక పలకలు చర్మం కింద ఉంటాయి. తోకకు రెక్క లేదు. ఆ తోకను గడ్డిపరకకు చుట్టుకొని నిలబడుతుంది. వీపు మీది చిన్న రెక్కను సెకనుకు ముప్పైసార్లకు పైగా ఆడించినా ముందుకు సాగే వేగం మాత్రం నత్తనడకే. రెండు కళ్ళూ దేనికది తిరుగుతాయి. ఎర దగ్గరికి వచ్చేదాకా కదలక నిలిచి, గొట్టంవంటి మూతితో రెప్పపాటులో పీల్చివేస్తుంది. పళ్ళు లేవు, నమలడం లేదు. అన్నిటికంటె ముఖ్యమైన విషయం, దీనికి జీర్ణాశయం లేదు. మింగిన ఆహారాన్ని నిలువ చేసుకొని నెమ్మదిగా అరగించుకునే సంచి లేకపోవడంచేత ఆహారం పేగుగుండా త్వరత్వరగా జారిపోతుంది. అందులో కొంత అరగకుండానే బయట పడుతుంది. అందువల్ల ప్రకృతిలో ఈ ప్రాణి పగలంతా తింటూనే ఉంటుంది. మన ఇళ్ళలో దూడ రోజుకు రెండుపూటల పాలతో సరిపెట్టుకుంటుంది. దీనికి ఒక పూట తప్పడం కూడ భారమే.

మరొక సంగతి: ఇది కదిలే ఎరను మాత్రమే ఆహారంగా గుర్తిస్తుంది. నీటి మీద తేలే పొడిమేత రేకు దాని దృష్టిలో చెత్తతో సమానం. పై కథలోని జంట కళ్ళ ముందు ఆహారం ఉండగానే పస్తు పడుకున్నది ఇందుకే.

ఎదురుగా సముద్రం ఉండగా ఉప్పు కొనడమెందుకు?

కార్నిష్ మీద నడిచే ప్రతివారికీ కలిగే సందేహమిది. దీనికి చాలామంది చెప్పే జవాబు గల్ఫ్ నీరు మరీ ఉప్పన అని. అది నిజమే కాని, పూర్తి జవాబు కాదు. మహాసముద్రాల నీటిలో కిలోకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. గల్ఫ్ సగటు లోతు సుమారు 35 మీటర్లు మాత్రమే. హోర్ముజ్ జలసంధి అనే ఇరుకు ద్వారం తప్ప మహాసముద్రంతో దానికి మరొక సంబంధం లేదు. వాన, నదులు తెచ్చే నీటికంటె ఎండకు ఆవిరయ్యే నీరు ఎన్నో రెట్లు ఎక్కువ. అందుచేత కతార్ తీరాలలో లవణీయత 40 గ్రాముల దరిదాపుల్లోనూ, సల్వా అఖాతం లోపలి కొసన 50 గ్రాములకు పైననూ ఉంటుంది.

అయితే ఈ అదనపు ఉప్పదనం సులభంగా సరిదిద్దదగినదే. 1872 నుండి 1876 వరకు భూగోళాన్ని చుట్టివచ్చిన 'ఛాలెంజర్' నౌక తెచ్చిన 77 నీటి నమూనాలను విలియం డిట్మార్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు విశ్లేషించి 1884లో ప్రకటించిన ఫలితం ఒకటుంది: ఏ సముద్రపు నీటినైనా తీసుకోండి, మొత్తం ఉప్పు హెచ్చుతగ్గులుగా ఉండవచ్చు గాని, అందులోని ముఖ్య లవణాల పరస్పర నిష్పత్తి మారదు. కనుక 41 గ్రాముల గల్ఫ్ నీరు 100 లీటర్లకు మంచినీరు 20 లీటర్లు కలిపితే లెక్కప్రకారం 34 గ్రాముల సముద్రజలం సిద్ధమవుతుంది. అసలు చిక్కు వేరే ఉంది. ఒడ్డున దొరికే నీటిలో పడవల నూనె, కట్టడాల దుమ్ము, మురుగు, రోగకారక సూక్ష్మజీవులు ఉండవచ్చు. బిందెలో పట్టిన నీటిలోని ప్లవకజీవులు మూత పెట్టిన కొన్ని గంటలకే చచ్చి కుళ్ళడం మొదలుపెడతాయి. ఈ కారణాలచేతనే కృత్రిమ సముద్ర లవణం కొనవలసి వస్తుంది.

వంటింటి ఉప్పు ఎందుకు పనికిరాదో శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పుమడులు చూసినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. మడిలో నీరు ఇంకుతున్నకొద్దీ ముందు సోడియం క్లోరైడు పలుకులు కడుతుంది. మెగ్నీషియం లవణాలు చాలావరకు చేదుగా ఉండే మిగులు నీటిలోనే ఉండిపోతాయి. ఆ చేదునీటిని పారబోసి పలుకులను ఎత్తుకుంటారు. అంటే మన చారులో పడేది సముద్రంలో ఒక భాగమే. చేపకు మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, సల్ఫేటు, బైకార్బనేటు అన్నీ కావాలి. వీటిలో బైకార్బనేటు పాలు తక్కువే అయినా నీటి పి.హెచ్. విలువను 8.2 దగ్గర నిలబెట్టేది ముఖ్యంగా అదే.

ఇక మంచినీటి సంగతి. కతార్‌లో నదులు లేవు. రాస్ అబు ఫొంటాస్ వంటి కర్మాగారాలలో సముద్రపు నీటినే శుద్ధి చేసి ఇళ్ళకు పంపుతారు. ఉప్పు తీసిన నీటిని కొని, ఇంట్లో మళ్ళీ ఉప్పు కలుపుకోవడం కొంత విడ్డూరంగా కనిపించినా, రసాయనపరంగా ఇది శుభ్రమైన మార్గమే. కర్మాగారం విడిచినప్పుడు మంచిదైన ఆ నీరు క్రిమిసంహారకాన్ని వెంట తెచ్చుకుంటుంది. ఆపైన మేడమీది ట్యాంకులో నిలువ ఉండి, రాగి, ఇత్తడి అమరికలగుండా ప్రయాణిస్తుంది. క్లోరిన్‌ను పోగొట్టడానికి సోడియం థయోసల్ఫేటు చాలు. పూర్వం ఫొటో స్టూడియోలలో వాడిన 'హైపో' ఇదే. రాగిని మాత్రం హైపోతో వదిలించుకోలేము. మనుషులకు ఏమాత్రం కీడు చేయని రాగి పాలు సముద్రపు రొయ్యలకు, నత్తలకు ప్రాణాంతకం కావచ్చు. వంటింట్లో రివర్స్ ఆస్మాసిస్ యంత్రం ఉన్నవారు ఆ నీటినే వాడుకోవడం ఉత్తమం.

నూరు లీటర్ల నీటికి సుమారు మూడున్నర కిలోల లవణం పడుతుంది. వేరే బకెట్లలో కలిపి, ఒక రోజంతా పంపుతో తిప్పి, ఆపైన కొలిచి వాడాలి. చేప ఉన్న తొట్టెలో పొడి ఉప్పు వేయడమంటే నాలుక మీద గుప్పెడు ఉప్పు పోయడమే.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఎయిర్ కండిషనర్ గాలి పొడిగా ఉంటుంది కనుక వారానికి మూడు లీటర్ల నీరు ఆవిరి కావచ్చు. ఆ లోటును ఉప్పు కలిపిన నీటితో పూడుస్తారు. ఆవిరైపోయేది నీరే గాని ఉప్పు కాదని మరచిపోతారు. లీటరుకు 35 గ్రాముల లెక్కన వారానికి 105 గ్రాములు, ఆరు వారాలకు 630 గ్రాముల ఉప్పు అదనంగా చేరుతుంది. మొదట ఉన్న 3500 గ్రాములు 4130 అవుతాయి. అంటే లీటరుకు 41 గ్రాములు దాటింది. ఎంతో ఖర్చుపెట్టి తయారుచేసిన నీరు ఆరు వారాలలో కార్నిష్ నీరై కూర్చుంటుంది! ఆవిరైనంత మేరకు మంచినీరే పోయాలి.

అద్దంలాంటి నీటిలో విషం

పిల్లవాడి ప్రశ్నకు అసలైన సమాధానం ఇక్కడుంది. పొడిమేతలో సుమారు సగం ప్రోటీను. ప్రోటీనులో నూటికి 16 పాళ్ళు నత్రజని. జాలిపడి వేసిన చెంచాడు మేత రెండు గ్రాములనుకుందాం. అందులో ప్రోటీను ఒక గ్రాము, నత్రజని 0.16 గ్రాములు. అది పూర్తిగా కుళ్ళితే పుట్టే అమ్మోనియా సుమారు 0.19 గ్రాములు. నూరు లీటర్ల తొట్టెలో అది లీటరుకు 1.9 మిల్లీగ్రాములు.

నీటిలో అమ్మోనియా రెండు రూపాలలో ఉంటుంది. అమ్మోనియం అయాన్ రూపంలో ఉన్నది మొప్పలను అంత సులభంగా దాటలేదు. అయాన్ కాని అమ్మోనియా అణువు మాత్రం నేరుగా రక్తంలో చొరబడుతుంది. ఏ రూపం ఎంత ఉండాలో నిర్ణయించేది పి.హెచ్. విలువ. తటస్థమైన 7 దగ్గర విషరూపం నూటికి సుమారు అరపాలు; సముద్రజలపు 8.2 దగ్గర, 25 డిగ్రీల వేడిమిలో, సుమారు ఆరేడు పాళ్ళు. బంగారు చేపల తొట్టెలో క్షమించదగిన పొరపాటు ఉప్పునీటి తొట్టెలో క్షమించరానిది కావడానికి ఒక కారణం ఇదే. 1.9 మిల్లీగ్రాములలో ఆరేడు పాళ్ళంటే సుమారు 0.12 మిల్లీగ్రాములు. సున్నితమైన చేపలకు 0.02 దాటితేనే ప్రమాదమని లెక్క. నీటి రంగు మారదు, వాసన రాదు. అద్దంలాగే ఉంటుంది.

భీమవరం, నెల్లూరు ప్రాంతాల నుండి వచ్చినవారికి ఇది కొత్త విద్య కాదు. రొయ్యల చెరువు గట్టున సాయంత్రంవేళ అమ్మోనియా చూసే రైతు, మేత ఎక్కువైతే ఏమవుతుందో ఏ డాక్టరేటూ లేకుండానే చెప్పగలడు. ఎకరాల చెరువులో ఆయన చేసే పనినే గాజుతొట్టె ముందు మనం చేయవలసి ఉంటుంది.

దీనికి ప్రకృతి ఏర్పరచిన విరుగుడు బాక్టీరియా. ఒక తెగ అమ్మోనియాను నైట్రైటుగాను, మరొక తెగ నైట్రైటును నైట్రేటుగాను మారుస్తాయి. నైట్రైటును మార్చేది నైట్రోబాక్టర్ అని పాఠ్యపుస్తకాలు చెప్పేవి. అక్వేరియంలలో ఆ పనిని ముఖ్యంగా నైట్రోస్పైరా అనే వేరొక తెగ చేస్తున్నదని 1998లో వెల్లడైంది. పేరు ఏదైనా, ఇవి నెమ్మదిగా పెరిగే జీవులు. కొత్త తొట్టెలో రాళ్ళ మీద, వడపోత పదార్థం మీద చాలినన్ని పెరగడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు తొట్టెలో చేప ఉండకూడదు. చిటికెడు మేతనో, కొలిచిన అమ్మోనియం క్లోరైడునో వేస్తూ బాక్టీరియాను మాత్రమే పెంచాలి. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా చూపిన తరువాతనే బజారుకు వెళ్ళాలి. గురువారం తొట్టె, శుక్రవారం చేప అన్న పద్ధతిలో సముద్రపు గుర్రం బతకదు. చివరికి మిగిలే నైట్రేటుకు వారానికోసారి పదో వంతు నీరు మార్చడమే మందు.

వేడిమి

కడలి గర్భంలో ఉష్ణోగ్రత ఒక్కసారిగా మారదు. దోహా ఫ్లాటులో మారుతుంది. అందరూ ఆఫీసుకు, బడికి వెళ్ళేటప్పుడు ఎయిర్ కండిషనర్ ఆపివేస్తే ఆగస్టులో మూసిన గది మధ్యాహ్నానికి 35 డిగ్రీలు దాటడం వింత కాదు. ఇళ్ళలో పెంచే సముద్రపు గుర్రాలకు 23, 24 డిగ్రీలు శ్రేయస్కరం. వేడి హెచ్చితే మూడు అనర్థాలు ఒకేసారి సంభవిస్తాయి. 25 డిగ్రీల దగ్గర లీటరు సముద్రజలంలో సుమారు 6.7 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది. 35 దగ్గర అది సుమారు 5.7కు పడిపోతుంది. అదే సమయంలో చేపకు కావలసిన ప్రాణవాయువు పెరుగుతుంది. విబ్రియో తెగకు చెందిన బాక్టీరియా విజృంభించి మూతిని, తోకను పుండ్లు చేస్తుంది. తెలియనివారు మేత తినడంలేదని మేత మారుస్తారు గాని థర్మామీటరు వైపు చూడరు.

గల్ఫ్‌లో వేసవి నీరు 34, 35 డిగ్రీలకు చేరుతుంది, ఇక్కడి సముద్రపు పచ్చిక మైదానాలలో సముద్రపు గుర్రాలు లేకపోలేదు కదా, అని ఎవరైనా అడగవచ్చు. సమంజసమైన ప్రశ్నే. తరతరాలుగా ఆ వేడికి అలవాటుపడిన జీవులు వేరు, ఆగ్నేయాసియా నుండో అట్లాంటిక్ నుండో వచ్చి దుకాణం చేరిన జీవులు వేరు. పైగా సముద్రంలో ఒక చేప వాటాకు వచ్చే నీరు ఎంతో లెక్కకు అందదు. తొట్టెలో ఆ నీటినే రోగక్రిములతో పంచుకోవాలి.

శీతలయంత్రం కొనలేనివారికి ఒక చిన్న ఉపాయం: నీటి ఉపరితలం మీదికి చిన్న విసనకర్ర యంత్రాన్ని తిప్పడం. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2400 కిలోజౌళ్ళ వేడి కావాలి. నూరు లీటర్లను ఒక డిగ్రీ చల్లార్చడానికి తీయవలసిన వేడి సుమారు 420 కిలోజౌళ్ళు. అంటే బయటి నుండి కొత్తగా వేడి చేరకపోతే ఒక్క లీటరు ఆవిరి నూరు లీటర్లను ఐదు డిగ్రీలకు పైగా చల్లార్చగలదు. మన ఊళ్ళలో వేసవి కుండ చేసే పని ఇదే. కాకపోతే మంచినీరు పోయడం రెండింతలు గుర్తుంచుకోవాలి.

మేత

సముద్రపు గుర్రానికి ఇళ్ళలో పెట్టదగిన ఉత్తమాహారం మైసిస్ అనే చిన్న రొయ్యవంటి జీవి. ఘనీభవించిన దిమ్మలుగా ప్యాకెట్లలో దొరుకుతుంది. దానిని తొట్టె నీటిలోనే కరగనిచ్చి, టీ వడపోతలో వేసి మంచినీటితో కడిగి, కరగిన రసాన్ని పారబోయాలి. ఆ రసంలో ఉండే ఫాస్ఫేటు, కరగిన ప్రోటీను తొట్టెను పాడుచేస్తాయి. రోజుకు రెండు లేక మూడు పూటలు, ప్రతిసారీ ఇరవై నిమిషాలలో తినగలిగినంత మాత్రమే. గాజు గిన్నెను ఎప్పుడూ ఒకేచోట ఉంచి, సన్నని గొట్టంతో మైసిస్‌ను అందులోకి వదిలితే కొన్ని రోజులకు అవి వేళకు గిన్నె దగ్గరికి వచ్చి నిలబడటం నేర్చుకుంటాయి. మిగిలినదాన్ని అదే గొట్టంతో తీసివేయడం సులభం.

చచ్చిన ఎరను తినడం సముద్రంలో పట్టిన చేపకు తెలియదు. హేచరీలో పుట్టిన చేపకు చిన్ననాటి నుండి నేర్పి ఉంటారు. ధర ఎక్కువైనా రెండవదే కొనాలి. కొనేముందు, తమ కళ్ళ ఎదుట దానికి మేత పెట్టి చూపమని దుకాణదారును అడగడంలో మొగమాటం అక్కరలేదు. పొట్ట పలకల మధ్య లోతుకు పోయి ఉన్నా, మేతను కన్నెత్తి చూడకపోయినా ఎంత అందమైనదైనా దుకాణంలోనే వదలిరావాలి.

కొత్తగా వచ్చినవాటికి, పిల్లలకు బతికిన ఎర తప్పదు. అందుకు ఆర్టీమియా ఉంది. మన కోస్తా తీరం పొడవునా ఉన్న రొయ్యపిల్లల హేచరీలన్నీ దీనిమీదనే ఆధారపడ్డాయి. ఉప్పు సరస్సులలో, ముఖ్యంగా అమెరికాలోని యూటా రాష్ట్రపు మహాలవణ సరస్సులో, సేకరించిన దీని గుడ్లు ఎండిన ఇసుకవలె సంవత్సరాల తరబడి నిద్రావస్థలో ఉంటాయి. తలకిందులు చేసిన ప్లాస్టిక్ సీసాలో లీటరు ఉప్పునీరు, చిటికెడు గుడ్లు, గాలిగొట్టం, దీపం, 28 డిగ్రీల వేడిమి ఉంటే ఒకటిన్నర రోజులోపల నారింజరంగు పిల్లలు బయటపడతాయి. గాలి ఆపితే పెంకులు తేలుతాయి, పిల్లలు వెలుగువైపు చేరుతాయి. పిల్లలకు దీనికంటె మంచి సైన్సు ప్రయోగం ఇంట్లో దొరకదు.

కాని ఆర్టీమియాలో ఒక లోపముంది. సముద్రపు చేపల నరాలకు, కళ్ళకు డి.హెచ్.ఏ. అనే కొవ్వు ఆమ్లం అవసరం. 22 కార్బన్ల గొలుసులో ఆరు ద్విబంధాలు గల ఈ అణువును చేప స్వయంగా కావలసినంత తయారుచేసుకోలేదు, ఆహారంలోనే రావాలి. మనం చేపనూనె గుళికలు మింగేది కూడ చాలావరకు దీనికోసమే. సముద్రంలో అతిసూక్ష్మమైన శైవలాలు దీనిని తయారుచేస్తే, వాటిని మేసిన జీవుల ద్వారా చేపకు అందుతుంది. ఆర్టీమియా ఉప్పు సరస్సులలోని జీవి కావడంచేత దానిలో డి.హెచ్.ఏ. దాదాపు ఉండదు. కేవలం దానితో పెంచిన పిల్లలు కడుపు నిండా తిని కూడ కృశిస్తాయి. కనుక దానికి ముందుగా మనమే తినిపించాలి. గుడ్డు నుండి వెలువడిన మొదటి దశలో దానికి నోరు తెరుచుకోదు. సుమారు ఎనిమిది గంటల తరువాత రెండవ దశలో తినడం మొదలుపెడుతుంది. అప్పుడు డి.హెచ్.ఏ. గల శైవలపు పొడిని గాని, చేపనూనె మిశ్రమాన్ని గాని నీటిలో కలిపి పన్నెండు గంటలు ఉంచి, కడిగి చేపకు వేయాలి. ఆ తరువాత ఆలస్యం పనికిరాదు. ఆర్టీమియా తాను మింగినదాన్ని తానే ఖర్చుపెట్టుకుంటుంది.

తొట్టెలో తోడు చేపలను ఎంచడంలోనూ మేతే ప్రధానం. చురుకైన చేపలు నిమిషంలో గిన్నె ఖాళీ చేస్తాయి. సముద్రపు గుర్రాలకు తమ జాతివారే సరైన తోడు. కుట్టే గుణమున్న సీ అనిమోన్లను దూరంగా ఉంచాలి. తొట్టె వెడల్పుకంటె ఎత్తు ముఖ్యం. 45 సెంటీమీటర్లకు తగ్గకూడదు. జత కలిసేటప్పుడు రెండూ నిటారుగా పైకి లేస్తాయి. ఆ సమయంలో ఆడది తన గుడ్లను మగదాని పొట్టమీది సంచిలో ఉంచుతుంది. అవును, ఈ జాతిలో గర్భం మోసేది మగదే. మూడు నాలుగు వారాలకు వందలకొద్దీ పిల్లలను కంటుంది. వాటిని బతికించడం వేరే ఒక వ్యాసానికి సరిపడే విషయం.

ఆ సంచిలోనో, చర్మం కిందనో వాయు బుడగలు చేరి చేప నీటిమీద తేలిపోవడం తరచుగా కనిపించే వ్యాధి. నీటిలో వాయువులు పరిమితికి మించి కరగడం దీనికి ఒక కారణం. పంపు గొట్టంలో సన్నని బీట ఉంటే ఒత్తిడితో గాలి నీటిలోకి నెట్టబడుతుంది. పశువైద్యులు దీనికి అసిటజోలమైడ్ ఇస్తారు. మనుషులలో కంటి ఒత్తిడి తగ్గించే మందే ఇది. మోతాదు తెలియకుండా ఇంట్లోని మాత్రను పొడిచేసి వేయడం కూడదు.

చట్టం విషయం కూడ తెలిసి ఉండాలి. చైనా సంప్రదాయ వైద్యం కోసం కోట్లాది సముద్రపు గుర్రాలను ఎండబెట్టి అమ్మడంచేత ఈ ప్రజాతి మొత్తాన్ని అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందమైన సైటిస్ రెండవ అనుబంధంలో చేర్చారు; 2004 మే నుండి అది అమలులో ఉంది. భారతదేశం 2001లోనే వీటిని వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి తెచ్చింది. సెలవులకు వెళ్ళినప్పుడు రామేశ్వరం దగ్గరో మరెక్కడో ఎవరైనా ఎండిన సముద్రపు గుర్రాన్ని చూపి ముచ్చటగా ఉందని పెట్టెలో వేసుకోవడం నేరం.

జూలై వస్తే

గల్ఫ్ కుటుంబాలకు అన్నిటికంటె కష్టమైన సమస్య చివరికి మిగిలింది. బడులు మూసిన మరుసటి రోజే హైదరాబాదు, విశాఖపట్నం, విజయవాడ విమానాలు నిండిపోతాయి. నెల రోజులపాటు ఆ చేపలకు అన్నం పెట్టేదెవరు? స్వయంగా మేత రాల్చే యంత్రాలు పొడిమేతకే పనికివస్తాయి, సముద్రపు గుర్రానికి కాదు. ఎయిర్ కండిషనర్‌ను నెలంతా 24 మీద నడిపి, తాళంచెవి పక్క ఫ్లాటు వారి చేతిలో పెట్టడం సాధారణంగా జరిగే ఏర్పాటు. పక్క ఫ్లాటువారు ఎంత ప్రేమ గలవారైతే అంత ప్రమాదం. వారు వేసే ప్రతి అదనపు చెంచా అమ్మోనియా లెక్కను మళ్ళీ మొదటికి తెస్తుంది. వారపు మాత్రలు పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బాలు నాలుగైదు కొని, ప్రతి గడిలో ఒక పూటకు సరిపడే మైసిస్‌ను కొలిచి, ఫ్రీజరులో ఉంచి వెళితే వారికి తూచవలసిన పని ఉండదు. నీరు ఎంతవరకు ఉండాలో గాజు మీద సిరాతో గీత గీసి, శుద్ధి చేసిన మంచినీటి డబ్బాలు పక్కన పెట్టాలి. ఉప్పు డబ్బా మాత్రం వారి కంటపడకుండా దాచడం మంచిది. కరెంటు పోతే వాడటానికి బ్యాటరీతో నడిచే గాలిపంపు, ఎయిర్ కండిషనర్ చెడితే తొట్టెలో తేలవేయడానికి గడ్డకట్టిన నీటి సీసాలు రెండు సిద్ధంగా ఉండాలి. ప్రయాణానికి రెండు వారాల ముందునుండే వారిచేత మేత వేయించి చూడాలి. ఇంత శ్రద్ధ తీసుకునేవారు ఎవరూ దొరకకపోతే, ఉప్పునీటి తొట్టె నడిపే మరొక కుటుంబానికి చేపలను అప్పగించి రావచ్చు. అదీ కుదరని ఇంట్లో ఈ చేపను కొనకుండా ఉండటమే న్యాయం.

తిరిగివచ్చిన రాత్రి పెట్టెలు విప్పడానికి ముందు ఉష్ణోగ్రత, లవణీయత, అమ్మోనియా ఈ మూడూ కొలిచి, పుస్తకంలో తేదీ వేసి రాసుకోవాలి. ఆ తరువాత దీపం వేసి, కొంచెం మైసిస్ వదిలి, పిల్లలను గాజుకు చెవి ఆనించి వినమనాలి. ఎరను పీల్చేటప్పుడు సముద్రపు గుర్రం తలలోని ఎముకలు ఒరుసుకొని చిటికె వేసినట్టు సన్నని చప్పుడు వస్తుంది. రెండు చేపలూ తింటుంటే ఆ చప్పుడు వెంటవెంటనే వినిపిస్తుంది.